తూకం చెప్పని మేలు

స్థూలకాయులు వ్యాయామం మొదలుపెట్టిన నెలకే తూకం చూసుకుని, ముల్లు కదల్లేదని మానేయడం మామూలే. 80 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 300 కేలరీలు. టిఫిన్‌లో రెండు మూడు గారెలు ఎక్కువ తింటే అది కాస్తా తిరిగి వచ్చేస్తుంది. బరువు దిగాలంటే పళ్లెంలో అన్నం కూడా తగ్గాలి.

అయినా నడక వృథా కాదు. నడిచేటప్పుడు తొడ, పిక్క కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటాయి. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల వరకూ వాటిమీద ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకున్న కొవ్వు, బరువు పెద్దగా తగ్గకపోయినా కొంత కరుగుతుంది. రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గుతుంది.

భారతీయులకు పొట్ట దగ్గర కొవ్వు చేరడం ఎక్కువ. అందుకే బి.ఎం.ఐ. (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) 30 దాకా ఆగకుండా, 25 నుంచే ఇక్కడ స్థూలకాయంగా లెక్కిస్తారు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిని మూడేళ్లపాటు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. వారి సగటు బి.ఎం.ఐ. సుమారు 26. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. ఆహార నియమాలతోపాటు రోజూ అరగంట నడక అలవాటు చేసినవారిలో అది 39 శాతమే. వీరి బరువు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చెప్పింది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మాత్రం మిగలకూడదు. అదీ సరైన వేగం. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడమూ కసరత్తే. మోకాళ్ల నొప్పులుంటే సైకిల్, ఈత మేలు. గుండెజబ్బు ఉన్నవారు, ఇన్సులిన్ వాడేవారు ముందు వైద్యుణ్ణి అడగాలి.

నెలకోసారి టేపుతో నడుము కొలవాలి. ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య టేపు చుట్టాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. నడక రెండు రోజులకు మించి వరసగా మానకూడదు. ఇన్సులిన్‌కు అది చేసే సాయం అంతకుమించి నిలవదు.