తెర వెలగకముందే వినండి

బోరు మోటారు చప్పుడు వింటే చాలు, అది నీళ్లు ఎత్తుతోందో గాలి పీలుస్తోందో పాలమూరు రైతు గట్టు మీద నిలబడే చెప్పేస్తాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బజార్లలో సిస్టంలు బాగుచేసే కుర్రాళ్లకూ ఒకప్పుడు అలాంటి చెవే ఉండేది. బటన్ నొక్కగానే వచ్చే బీప్‌లు లెక్కపెట్టి, డబ్బా విప్పకముందే జబ్బు ఎక్కడుందో పట్టేవాళ్లు. ఆ విద్య మా కళ్లముందే తగ్గిపోతోంది. అది పోకూడదని గట్టిగా అనుకునే వాళ్లలో నేనొకణ్ణి.

బడులు తెరిచే జూన్‌లో ఆ విద్య అవసరం బాగా తెలుస్తుంది. వేసవంతా తాళం వేసిన ల్యాబులో దుమ్ము పేరుకుంటుంది, తొలకరికి చెమ్మ తోడవుతుంది. సార్లు వచ్చి స్విచ్ వేస్తే సగం సిస్టంలకు డిస్‌ప్లే రాదు. నెట్ సెంటర్లదీ అదే కథ. ఇలాంటి రోజుల్లో ఫోన్ల మీద నడిచే సంభాషణ మా ప్రాంతంలో అందరికీ తెలిసిందే.

"అన్నా, ఫ్యాన్ తిరుగుతున్నది గానీ డిస్‌ప్లే వస్తలేదు."

"మొత్తుకుంటున్నదా, గమ్మునున్నదా?"

"మస్తు మొత్తుకుంటున్నదన్నా, ఆగుతనే లేదు."

"అయితే ఏం కాలేదు తమ్మీ. ర్యామ్ తీసి తుడిచి పెట్టు."

మొత్తుకుంటుంటే భయం లేదని అంత ధీమాగా ఎలా చెప్పగలిగాడు? బటన్ నొక్కగానే, బోర్డుకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా ముందు తన వోల్టేజీలు కుదురుకునేదాకా ఆగి, 'ఇక కానివ్వు' అని బోర్డుకు సిగ్నల్ ఇస్తుంది. అప్పుడు ప్రాసెసర్ లేచి, బయోస్ చిప్‌లో ఉన్న ప్రోగ్రాంను నడపడం మొదలుపెడుతుంది. ఆ ప్రోగ్రాం మొదటి పని తనిఖీ. ఇల్లు చక్కగా ఉందో లేదో చూసుకున్నాకే విండోస్‌ను పిలుస్తుంది. తెర వెలగడానికి కావాల్సిన డిస్‌ప్లే వంతు ఈ తనిఖీలో కాస్త ఆలస్యంగా వస్తుంది. అంతకుముందే మెమరీలో లోపం దొరికినా, ఆ డిస్‌ప్లేనే పనిచేయకపోయినా, తెర మీద రాసి చూపించే వీలుండదు. బయోస్‌కు మిగిలేది బోర్డుకు తగిలించిన చిన్న స్పీకర్ ఒక్కటే. అదే కీబోర్డు పెట్టలేదన్న సంగతైతే తెర మీద అక్షరాల్లోనే వస్తుంది, ఎందుకంటే అప్పటికి తెర లేచి ఉంటుంది. కాబట్టి బీప్ వినిపించి తెర నల్లగా ఉందంటే అనుమానించాల్సినవి నాలుగైదు వస్తువులే. హార్డ్‌డిస్క్ జోలికి, విండోస్ జోలికి పోనక్కర్లేదు. బీప్ వచ్చిందంటేనే బోర్డుకు కరెంటు అందుతోందనీ, ప్రాసెసర్ బతికే ఉందనీ లెక్క.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం మొదటి పీసీలోనే ఈ ఏర్పాటు ఉంది. ఒక పొట్టి బీప్ అంటే అంతా బాగుంది. ఒక పొడవు, రెండు పొట్టి అంటే డిస్‌ప్లే దగ్గర తేడా. తర్వాత బయోస్ రాసే కంపెనీలు తలా ఒక పద్ధతి పెట్టుకున్నాయి. ఏఎంఐ పొట్టి బీప్‌ల లెక్కతో చెబుతుంది: మూడైతే మొదటి 64 కిలోబైట్ల మెమరీ, ఎనిమిదైతే డిస్‌ప్లే మెమరీ. ఆ ఏఎంఐని 1985లో అమెరికాలోని జార్జియాలో పెట్టినవాళ్లలో ఒకరైన సుబ్రమణియన్ శంకర్ మనదేశం వాడే. అవార్డ్ బయోస్‌లో ఒక పొడవు రెండు పొట్టి అంటే డిస్‌ప్లే. ఆగకుండా పొడవుగా కూస్తుంటే ఎక్కువగా ర్యామే. ఫీనిక్స్ వాళ్లవి మధ్యమధ్య ఆగి గుంపులుగా వస్తాయి, కాగితం మీద రాసుకోకపోతే లెక్క తప్పుతుంది. అందుకే లెక్కపెట్టేముందు బోర్డు ఏ బయోస్‌దో చూడాలి. ఒకే మూడు బీప్‌లు రెండు బోర్డుల్లో రెండు అర్థాలు ఇస్తాయి.

ర్యామ్ తుడవడం చిన్న పనే. దాన్ని చేసే తీరులో పనివాడు తెలుస్తాడు. ముందు ప్లగ్గు పీకాలి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో ముట్టాలి. రెండు వైపులా క్లిప్పులు వంచితే ర్యామ్ తనంతట తానే పైకి లేస్తుంది. కింది అంచున వరసగా ఉండే బంగారు రంగు పట్టీలు మసకబారి ఉంటాయి. బడిపిల్లలు వాడే తెల్ల రబ్బరుతో పొడవునా మెల్లగా రుద్దితే మెరుపు తిరిగి వస్తుంది. రబ్బరు పొట్టు బ్రష్షుతో తీయాలి, నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపర పడితే మళ్లీ చెమ్మే. స్లాటులో దుమ్ము దులిపి, గాడి చూసుకుని, రెండు క్లిప్పులూ టక్కుమనేదాకా నొక్కాలి. ఆ తర్వాత బటన్ నొక్కితే ఒక్క పొట్టి బీప్. ఆ చప్పుడు వింటే ఇన్నేళ్లయినా నాకు ప్రాణం లేచొస్తుంది.

అసలు కష్టం సిస్టం గమ్మునున్నప్పుడు. ఫ్యాన్ తిరుగుతుంది, తెరా లేదు, కూతా లేదు. అప్పుడు పాతకాపులు ర్యామ్‌లన్నీ తీసేసి ఖాళీగా ఆన్ చేసేవాళ్లు. ర్యామ్ లేదని కూసిందా, బోర్డూ ప్రాసెసరూ క్షేమం, దోషం ర్యామ్‌దే. అప్పటికీ మౌనమేనా, ఎస్‌ఎంపీఎస్ మార్చి చూసి, ఆ తర్వాతే బోర్డును అనుమానించేవాళ్లు. మా వైపు ఉరుములు మెరుపుల వానలకు మొదట పోయేది ఎక్కువగా ఎస్‌ఎంపీఎస్సే.

2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులు వచ్చాయి, వాటితో సిస్టంలూ వచ్చాయి. బాగుచేసే పద్ధతి మాత్రం మారింది. డిస్‌ప్లే రాకపోతే వినడం మానేసి, బోర్డు పోయిందనేస్తున్నారు. కొత్త బోర్డుకు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి ఆర్డరు పెడతారు. మీసేవ నడుపుకునే మనిషికి, డీటీపీ చేసుకునే మనిషికి బోర్డు వచ్చేదాకా నాలుగు రోజులు దుకాణం మూతే, పైగా వేలల్లో బిల్లు. రబ్బరు ముక్కతో తీరే దానికి బోర్డు మార్పించడం అన్యాయం. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

తప్పంతా కుర్రాళ్లదీ కాదు. ఇప్పుడొచ్చే చాలా క్యాబినెట్లలో ఆ స్పీకరే ఉండటం లేదు. కొత్త బోర్డుల మీద సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు పెడుతున్నారు, కొన్ని ల్యాప్‌టాపుల్లో క్యాప్స్‌లాక్ లైటు మినుకుమంటుంది. అవీ మంచివే, తప్పును అంకెల్లో చూపే డీబగ్ కార్డూ మంచిదే. కానీ లైటు చూడాలంటే ఎదురుగా ఉండాలి, కూతైతే ఫోన్‌లోనూ వినిపిస్తుంది.

వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే కేడీఆర్ పాలిటెక్నిక్ మొదలుకొని మన ఐటీఐల దాకా పాఠం చెప్పే సార్లకు నా విన్నపం ఒకటుంది. పాత సిస్టం ఒకటి బల్ల మీద పెట్టి, ర్యామ్ పీకి ఒకసారి, డిస్‌ప్లే కార్డు పీకి ఒకసారి పిల్లలకు వినిపించండి. కొత్త సిస్టం అసెంబుల్ చేయించుకునేవాళ్లు కూడా ఒక మాట అడగండి. చాలా బోర్డుల మీద ముందు ప్యానెల్ వైర్ల పక్కనే స్పీకర్ అని నాలుగు పిన్నుల చోటు ఇంకా ఉంది. అక్కడ పెట్టే బుల్లి స్పీకర్ ఖరీదు పదుల రూపాయల్లోనే. అది బిగించాకే బిల్లు కట్టండి.