సాక్ష్యం

మా పల్లెలో సాక్ష్యం అనే మాట కోర్టు నుంచి రాలేదు, చర్చి నుంచి వచ్చింది. ఆదివారం ఆరాధనలో మాయమ్మ లేచి నిలబడి, వారమంతా తన మీద ఏం గడిచిందో అందరి ముందూ చెప్పేది. కలుపు కాడ కూలి కోసిన సంగతి, ఆసామి తిట్టిన తిట్టు, బిడ్డ జొరం, అన్నీ దేవుడి పేరున చెప్పేది. ఆరు రోజులు తలొంచుకున్న మనిషికి ఏడో రోజు నోరొచ్చేది. దళితుల ఆత్మకథ అచ్చెక్కకముందే చర్చిలో నోటి మీద నడిచిందని నేనంటాను. మన సాహిత్య చరిత్రకారులకి ఇది పట్టలేదు.

మన అభ్యుదయ విమర్శకులు దళిత క్రైస్తవాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. గంజి కోసం కలిశారు, మత్తులో పడ్డారు అంటారు. చరిత్ర అంత తేలిగ్గా లేదు. 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గంజి అయిపోయాక ఎందుకొచ్చారు? అంటరాని ఒంటిని ఒకరు చేత్తో పట్టుకుని నీళ్ళలో ముంచి లేపారు. ఆ తాకడం విలువ ఊరివాళ్ళకి ఎట్టా తెలుస్తుంది?

జాషువాని చదవడంలోనూ ఇదే అన్యాయం. 1941 నాటి 'గబ్బిలం'ని నెత్తిన పెట్టుకుంటాం. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన 'క్రీస్తు చరిత్ర'ని భక్తి పుస్తకమని పక్కన పెడతాం. రెండూ కలిపి చదవాలి. గబ్బిలంలో అరుంధతీసుతుడు గుళ్ళోకి పోలేడు, గుళ్ళో వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుకోవాలి. క్రీస్తు కథలో దేవుడే పశువుల పాకలో పుట్టాడు. తప్పుడు సాక్ష్యాలతో, దొంగల మధ్య, ఊరిబయట చంపబడ్డాడు. మావాళ్ళకి అది పరదేశపు కథగా వినపడలేదు.

అట్టాగని చర్చిని వెనకేసుకురాను. మాయమ్మ రొమ్ములో గడ్డతో మంచాన పడితే ఒక పాస్టరుగారొచ్చి "శ్రమలు దేవుడి దీవెనమ్మా, ఓర్చుకో" అన్నాడు. "దీవెనైతే ఆసాములకెందుకియ్యడయ్యా?" అంది మాయమ్మ. ఆయన ప్రార్థన చేసి పోయాడు. మాల చర్చి, మాదిగ చర్చి అని గోడలు కట్టుకున్న సంఘం, పెద్దకులపోళ్ళ సమాధులు వేరుగా ఉంచిన సంఘం ఆ ప్రశ్నకి ఇంకా జవాబు బాకీ ఉంది. ప్రభుత్వమూ తక్కువ తినలేదు. క్రైస్తవుడైతే ఎస్సీ కాదని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. నీళ్ళలో మునిగితే కులం పోయిందని ఢిల్లీ నమ్మింది గానీ ఊరు నమ్మలేదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టులో బాధితులు దోషుల ఎదుటే నిలబడి సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అప్పుడు చాలామంది మిత్రులు ఇంక ఆశ ఎక్కడుందని అడిగారు.

బాధలో అర్థముందని నేను చెప్పను. ఆ మాట బాధపెట్టినవాడికే అక్కరకొస్తుంది. బాధపడ్డవాడికి మాత్రం ఒక పని ఉంది, చూసింది చూసినట్టు చెప్పడం. చంపినవాళ్ళదే చివరి మాట కాదన్నదే పునరుత్థానం. సమాధి ఖాళీగా ఉందని మొదట చెప్పింది ఆడవాళ్ళు. శిష్యులే వాళ్ళ మాట నమ్మలేదు, పిచ్చిమాటలన్నారు. అయినా వాళ్ళు చెప్పిందే నిలబడింది. విశ్వాసులైనా నాస్తికులైనా, దళిత సాహిత్యం రాసే విద్యార్థులు చెయ్యాల్సిన పని కూడా ఇదే. తీర్పు ఎటుపోయినా సాక్ష్యం వెనక్కి తీసుకోకూడదు.