గోడకెక్కే ముందు లందలో దిగాలి

సౌదీ అరేబియాలో కువైట్, ఇరాక్ సరిహద్దులకు దగ్గర్లో ఉన్న హఫర్ అల్ బాతిన్ మేత భూముల ఊరు. బస్రా నుంచి మక్కా వెళ్ళే యాత్రికుల కోసం 7వ శతాబ్దంలో అబూ మూసా అల్ అష్అరీ తవ్వించిన బావుల దగ్గర వెలసిందంటారు. అక్కడి బెదూయిన్ల బతుకులో ఒకప్పుడు సగం సామాను తోలే: నీళ్ళకు గిర్బా, నెయ్యికి ఉక్కా, కూర్చోవడానికి ఉన్ని తీయని గొర్రెతోలు జాయిద్. ఇప్పుడు గల్ఫ్‌లో ఇవి మజ్లిస్ (అతిథుల గది) గోడలకు అలంకారాలు. గోడమీద తోలు ఎంత ముచ్చటగా ఉన్నా, అది పదేళ్ళు నిలుస్తుందో పురుగు పడుతుందో తేల్చేది దానికి పట్టించిన పదునే. ఆ పదును కూడా ఒకటే మందు కాదు, వాడకాన్ని బట్టి మారే లెక్క.

గిర్బాకైతే మేకతోలును పొట్ట చీల్చకుండా, చొక్కా విప్పినట్టు గొట్టంలా ఒలుస్తారు. కాళ్ళ దగ్గర బిగించి కడితే మెడే మూతి. కొవ్వూ కండా గీకి, వెంట్రుకలు రాల్చి, ఇసుకనేలల్లో పెరిగే అర్తా పొద కషాయంలో నానబెడతారు. ఎక్కువగా ఆడవాళ్ళ పనే ఇది. మన లందల్లో, అంటే తోళ్ళు ఊనే తొట్లలో, తంగేడు చెక్క చేసిన పనే అక్కడ అర్తా చేస్తుంది: అందులోని టానిన్ తోలు పోగుల్ని పట్టుకుని కుళ్ళనివ్వదు. తొందరపడి మొదటే చిక్కటి కషాయం పోస్తే పైపొర బిగుసుకుపోయి నడుమ పచ్చిగా మిగులుతుంది. నేతి తిత్తికైతే లోపల ఖర్జూరపాకం పట్టించాలి. ఉన్నితో ఉంచాల్సిన తోలుకు మాంసం వైపు ఉప్పు, పటిక చాలు. అయితే పటిక తడిస్తే కడుక్కుపోతుంది. కాబట్టి అది గోడకూ కూర్చోవడానికీ సరిపోతుంది గాని నీళ్ళ తిత్తికి పనికిరాదు. వట్టి ఉప్పుతో ఎండబెట్టి గోడకు కొట్టినదైతే చెమ్మ తగలగానే మళ్ళీ పచ్చితోలే.

క్రోమ్ పద్ధతి ఇదంతా ఒకటి రెండు రోజుల్లో తేల్చేస్తుంది కదా అనవచ్చు. నిజమే, పైగా ఆ తోలు వేడినీ బాగా తట్టుకుంటుంది. కానీ క్రోమియం కలిసిన మురుగును శుద్ధి చేయకుండా వదిలేసే వీలు లేదు. ఇంటి పెరట్లో నాలుగు తోళ్ళు చేసుకునేవారికి అది తగ్గ పని కాదు. ప్లాస్టిక్ క్యాన్ మోయడం తేలిక, అదీ ఒప్పుకోవాలి. అయితే ఎండ 50 డిగ్రీల దగ్గరికి పోయే చోట గిర్బా చెమర్చి నీళ్ళను చల్లబరుస్తుంది, క్యాన్ ఆ పని చేయదు.

వీటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. అర్తాను వంటచెరకు కోసం ఇప్పటికే విపరీతంగా నరికారు. సౌదీలో అనుమతి లేకుండా స్థానిక చెట్లు, పొదలు నరకడం నేడు నేరం. ఈ తోలు విద్య నిలబెడతామని పొదల్ని పీకితే రెండూ పోతాయి. అర్తాకు బదులు అరబ్బులకు తెలిసిన మరో సరుకుంది: దానిమ్మ తొక్క. అందులోనూ టానిన్ దండిగా ఉంటుంది, రసం తీసే దుకాణాల్లో అది చెత్తబుట్టలోకే పోతుంది. నేర్పాలనుకునేవారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.