గుమ్మటం కింద భోజనం

ఈ వారం కాచిగూడ స్టేషన్ మీదుగా వెళ్తుంటే, బయట నిలిపిన పాత బోగీల్లో జనం కూర్చుని తింటూ కనిపించారు. 2023లో వచ్చిన రైలుపెట్టె హోటల్ అది. ఎప్పటిలాగే మనసు చివుక్కుమంది. రైలన్నాక కదలాలి. కదలని బోగీలో కిటికీ పక్కన చెట్లు వెనక్కి పరుగెత్తవు, చేతిలో టీ తొణకదు.

ఆ చిరాకులోనే చాటనూగా గుర్తొచ్చింది. అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలోని ఆ ఊరి టెర్మినల్ స్టేషన్ 1909లో మొదలైంది. గీసినవాడు డాన్ బార్బర్. గ్లెన్ మిల్లర్ సంగీత బృందం 1941లో చేసిన పాటతో ఊరి పేరు దేశదేశాలకూ పాకింది. కార్లూ విమానాలూ ప్రయాణికుల్ని లాక్కుపోయాక, 1970లో ఆఖరి రైలు వెళ్లిపోయింది. ఇక కూల్చివేతే అనుకుంటుండగా స్థానిక వ్యాపారులు కొందరు పూనుకుని, 1973లో దాన్ని హోటల్‌గా తెరిచారు. రైలు కోసం కాచుకున్న గుమ్మటం కిందే భోజనాల బల్లలు వేశారు. పాత పెట్టెల్లో పడకగదులు అమర్చారు.

అసలు స్టేషనుకూ తిండికీ చుట్టరికం పాతదే. ఆవిరి ఇంజిన్ నీళ్లు పట్టుకోవడానికి జంక్షన్లో ఆగేది, ఆ వ్యవధిలోనే ప్రయాణికులు తినేవారు. చిన్నప్పుడు కాజీపేటలో బండి ఆగగానే నాన్న కూజా పట్టుకుని దిగేవారు. గార్డు ఈల వేస్తాడేమోనని అమ్మ కంగారు. విస్తరాకులో పూరీలు, బంగాళాదుంప కూర, వాటి మీద కాస్త బొగ్గు నుసి. ఇంట్లో ఎన్నిసార్లు చేసినా ఆ కూరకు ఆ రుచి రాలేదు. శాకాహార రిఫ్రెష్‌మెంట్ రూములో బల్ల దగ్గర కూర్చుని తినడమంటే మాకు పండగే.

సికింద్రాబాద్‌లో రాత్రీ పగలూ రైళ్లు వస్తూనే ఉన్నాయి. అయినా పాత ముఖద్వారాన్ని 2025లో కూల్చేశారు. చాటనూగా స్టేషనుకు ప్రయాణికుల రైలు రాక యాభై ఏళ్లు దాటింది. యజమానులు మారారు, గుమ్మటం మాత్రం అక్కడే ఉంది. రైలు నడిస్తే చాలు స్టేషన్ బతుకుతుందని ఇక అనలేను. లోపలికి రోజూ మనుషులు రావాలి. బండి కోసం వచ్చినా, దోశ కోసం వచ్చినా సరే.

కాచిగూడ భవనం 1916 నాటిది, ఇంకా పనిలో ఉంది. ఊరూరా స్టేషన్లు కొత్తగా కడుతున్న రైల్వేవారికి నా మనవి ఒక్కటే: పాత హాలు మీదికి యంత్రాన్ని పంపేముందు, అందులో వంటిల్లు పెట్టేవాళ్లు ఉన్నారేమో టెండరు పిలిచి చూడండి.