పోలిక చెప్పేది జోస్యమే

పోర్ట్రెయిట్ గీసేవాళ్లకు అన్నిటికన్నా ముందు పోయేది కొలతల మీద నమ్మకం. కళ్ల మధ్య దూరం, ముక్కు పొడవు, నుదుటి వెడల్పు అన్నీ సరిగ్గా పడ్డాక కూడా కాగితం మీద ఇంకెవరో కనిపిస్తారు. పెదవి చివర గీత కాస్త జరిగితే చాలు, అన్న పోయి తమ్ముడు వస్తాడు. చనిపోయిన పెద్దవాళ్ల బొమ్మ వేయించుకోవడానికి ఇళ్లవాళ్లు తెచ్చేది చాలాసార్లు రేషన్ కార్డు మీదో ఆధార్ మీదో ఉన్న చిన్న ఫొటో. మనిషి జాడ తప్ప మనిషి అందులో దొరకడు. మిగతాదంతా చిత్రకారుడు ఊహించి పూరిస్తాడు. ఆ ఊహ కుదిరిందో లేదో చెప్పే హక్కు ఆ మనిషితో బతికినవాళ్లది. గడ్డం అమ్మది కాదని కూతురు అంటే చెరిపి మళ్లీ గీయాల్సిందే. ఈ వృత్తి ధర్మాన్ని పట్టుకునే చెబుతున్నాను: ముఖాన్నో పేరునో చూసి ఈ మనిషి ఫలానా అని యంత్రం తేల్చేది జోస్యం. దాని మాటకు జోస్యానికి ఇచ్చేంత విలువే ఇవ్వాలి.

1998 నవంబరులో హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతం చేస్తున్న పని లోకంలోని మనుషులను, లావాదేవీలను అంకెల్లోకి మార్చడమే. ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ కూడా అదే చేస్తుంది. ముఖాన్ని ఒక అంకెల వరుసగా మారుస్తుంది, ఆ వరుస ఇంకో వరుసకు ఎంత దగ్గరో లెక్క కడుతుంది. ఎంత దగ్గరైతే ఇద్దరూ ఒకరే అనుకోవాలో నిర్ణయించేది మాత్రం యంత్రం కాదు, దాన్ని వాడే మనిషి. పోలిక 80 శాతం దాటితే సరిపోయినట్టేనని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు చట్టం కింద జవాబిచ్చారు. చిత్రకారుల లెక్కలో 80 శాతం పోలిక అంటే దగ్గరి బంధువు. తెలంగాణ పోలీసులు 2018లోనే టీఎస్ కాప్ యాప్‌లో ముఖాలను గుర్తుపట్టే సదుపాయం చేర్చుకున్నారు. 2021 మేలో మాస్కు తీయమని చెప్పి పోలీసులు తన ఫొటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆయన అడిగింది న్యాయమైనదే: నా ముఖం మీ దగ్గర ఎందుకుంది, దాన్ని ఎవరితో పోలుస్తారు?

ముఖాల కన్నా ముందు పేర్లు కాటేశాయి. మన నగరంలోనే ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ పరిజ్ఞానంతో ప్రభుత్వం నడిపిన సమగ్ర వేదిక అనే వ్యవస్థ, వేర్వేరు శాఖల రికార్డుల్లో ఉన్న పేర్లను, చిరునామాలను కలిపి, ఈ రెండూ ఒకే మనిషివి అని తేల్చేది. 2024 జనవరిలో అల్ జజీరా బయటపెట్టిన ఒక కథనం ప్రకారం, నగరంలోని ఒక రిక్షా కార్మికుడిని ఆ లెక్క దాదాపు అదే పేరున్న కారు యజమానిగా చూసింది. ఆయన చనిపోయాక కూడా ఆ కారు ఆయన భార్యను వదల్లేదు, సబ్సిడీ బియ్యం ఆగిపోయాయి. 2014, 2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు ముందస్తు నోటీసు లేకుండా రద్దయ్యాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. 4,91,899 దరఖాస్తులు రాగా, ఆ జూలై నాటికి చూసిన 2,05,734లో 15,471 మంది అర్హులని తేలింది. నూటికి ఏడున్నర మందే కదా అనేవాళ్లున్నారు. తిండిగింజల విషయంలో ఆ మాట నేను ఒప్పుకోను. యంత్రం చూసింది పేరులోని పోలికను. గుమ్మం ముందు నిలబడి చూసి ఉంటే కారు లేదని ఎవరికైనా తెలిసేది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. ఐటీ కారిడార్‌లో ప్రాక్సీ ఇంటర్వ్యూల బెడద నిజం. తెర మీద ఒకరు జవాబులు చెబితే ఉద్యోగంలో చేరేది ఇంకొకరు. ముఖం పోల్చకుండా వీళ్లను పట్టుకునేదెలా? పోల్చమనే అంటాను. ఫలానా వ్యక్తినని తనంతట తానే చెప్పుకున్న మనిషిని ఒక్క ఫొటోతో సరిచూడటం వేరు, రోడ్డు మీద పోయే ముఖాన్ని లక్షల ముఖాల్లో వెతకడం వేరు. మొదటిదాంట్లో యంత్రం తప్పితే మనిషి అక్కడే ఉంటాడు, మాట్లాడతాడు. రెండోదాంట్లో వెతికే రాశి పెరిగేకొద్దీ పోలినవాళ్లూ పెరుగుతారు. వెయ్యికి ఒక్క పొరపాటే అనుకున్నా, ఐదు లక్షల ముఖాల్లో ఐదు వందల మంది అనవసరంగా అనుమానితులవుతారు.

మనుషులూ పొరబడతారు, నిజమే. వాలి సుగ్రీవుల పోరులో ఎవరు ఎవరో రాముడికే తెలియలేదు. అయితే తెలియనప్పుడు ఆయన బాణం వేయలేదు. సుగ్రీవుడు దెబ్బలు తిని పారిపోయి వచ్చి నిలదీశాడు. ఆగడానికీ మూల్యం ఉందని రామాయణం దాచలేదు. లక్ష్మణుడు గజపుష్పి తీగ సుగ్రీవుడి మెడలో వేశాకే రెండోసారి బాణం కదిలింది. వాలివధ ధర్మమా అని వాదించుకుంటూనే ఉన్నాం గానీ, ఈ ఆగడం గురించి మాట్లాడుకోవడం తక్కువ.

జోస్యం అన్నానని సోది చెప్పే ఆమెను తక్కువ చేయడం లేదు. ఆమె ఎదురుగా కూర్చుంటుంది, చెయ్యి పట్టుకుని చెబుతుంది, నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు. తిరుమల కథలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో పద్మావతి తల్లికి జోస్యం చెప్పాడు. అమ్మాయి ఫలానా వాడినే పెళ్లాడుతుందన్నాడు. ఆ ఫలానా వాడు తానే. జోస్యం చెప్పేవాడి చేతిలోనే ఫలితం ఉన్నప్పుడు అది తప్పే అవకాశం లేదు. అర్హత లేదని చెప్పిన వ్యవస్థే కార్డు తీసేస్తే, ఆ మనిషి రికార్డుల్లో అనర్హుడు కాక ఏమవుతాడు? అందుకే కార్డు తీయకముందే, కేసు రాయకముందే, యంత్రం కలిపిన రెండు రికార్డులనూ, రెండు ఫొటోలనూ ఆ మనిషి ముందు పెట్టాలి. ఇది నేను కాదు అని ఆయన అన్నాక, అవునని రుజువు చేయాల్సింది అధికారి.