పేనుకూ ఒక చిరునామా

జువాలజీ ల్యాబ్‌లో అన్నిటికన్నా విలువైనది మైక్రోస్కోప్ అనుకుంటారు చాలామంది. ఏళ్ల తరబడి పావురాల పేలను స్లైడ్లకెక్కించిన నేను ఆ మాట ఒప్పుకోను. స్లైడు చివర అంటించే చిన్న కాగితం ముక్క, ఆ లేబులే అన్నిటికన్నా విలువైనది.

పని చచ్చిపడి ఉన్న పావురంతో మొదలవుతుంది. చేతులకు గ్లవ్స్ వేసుకుని, ఒక్కో పక్షిని ఒక్కో సంచిలో విడిగా పెట్టి మూతి బిగించాలి. రెండింటినీ ఒకే సంచిలో వేస్తే దీని పేలు దాని మీదికి పాకుతాయి. ఏవి దేనివో ఇక తేల్చలేం. తరువాత పక్షిని సబ్బునీళ్లలో జాడించి, ఆ నీళ్లు వడగడితే పేలు దొరుకుతాయి. వాటిని ఆల్కహాల్‌లో ఉంచుతాం. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో లోపలి మెత్తని భాగాలు కరిగించి, మళ్లీ ఆల్కహాల్‌తో తేమ పోగొట్టి, లవంగ నూనెలో ముంచి, కెనడా బాల్సమ్ చుక్కలో పరిచి కవర్‌స్లిప్ మూస్తాం. తొందరపడితే కాళ్లు విరుగుతాయి, గాలిబుడగలు మిగిలిపోతాయి.

అంత ఓపిక పట్టాక కనిపించేది నిజంగా అందమైన జీవి. కొలంబికోలా కొలంబే అనే పేను సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెక్క ఈకల పోగుల సందులో ఇమిడిపోయేలా దాని ఒళ్లు తయారైంది. కాంపాన్యులోటిస్ అనే మరో రకం పొట్టిగా, గుండ్రంగా ఉండి ఒంటి మీది మెత్తని ఈకల్లో దాక్కుంటుంది. రెండూ రక్తం తాగవు, ఈకల నూగు తిని బతుకుతాయి. వీటికి శత్రువు పావురం ముక్కే. ఆ పైముక్కు కొన కింది ముక్కు మీదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు వంగి ఉంటుంది. యూటా విశ్వవిద్యాలయంలో డేల్ క్లేటన్ బృందం ఆ కొనను మాత్రమే కత్తిరించి చూసింది. పావురాలు ఎప్పటిలాగే గింజలు తిన్నాయి, పేలు మాత్రం విపరీతంగా పెరిగాయి.

ఇలా పక్షికీ పేనుకూ అంత దగ్గరి లంకె కాబట్టే, పక్షి అంతరిస్తే దాని పేనూ పోయినట్టేనని భావించేవారు. ఉత్తర అమెరికా ఆకాశాన్ని కప్పేసిన పాసెంజర్ పావురాల్లో చివరిది, మార్తా, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుశాలలో చనిపోయింది. ఆ జాతి పావురం మీది పేనుకు 1937లో మాల్కమ్‌సన్ పెట్టిన పేరే కొలంబికోలా ఎక్స్‌టింక్టస్, అంటే అంతరించినది. 1999లో క్లేటన్, రోజర్ ప్రైస్ అదే పేను బ్యాండ్ టెయిల్డ్ పావురం మీద బతికే ఉందని చూపించారు. పాత నమూనాలు భద్రంగా ఉండి, వాటి మీద వివరాలు సరిగ్గా ఉండబట్టే పోల్చి చూడటం సాధ్యమైంది.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. పాసెంజర్ పావురానిదే అంటూ వర్ణించిన మరో పేను కాంపాన్యులోటిస్ డిఫెక్టస్. 2000లో పరిశీలిస్తే అది ఆస్ట్రేలియా పావురం మీద ఉండే జాతేనని తేలింది. ఎక్కడో నమూనాలు తారుమారై ఉండాలి. ఒక్క పొరపాటుతో లేని జాతి ఒకటి పుట్టి, అంతరించిన వాటి లెక్కలోనూ చేరిపోయింది.

అంతరించడం మాత్రం ఉత్త భయం కాదు. కాలిఫోర్నియా కాండోర్ రాబందులను కాపాడటానికి 1980లలో వాటిని పట్టి తెచ్చినప్పుడు పేలమందు చల్లారు. ఆ పక్షి మీదే బతికే ఒక పేను జాతి ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. పక్షిని రక్షించడం గొప్ప పనే. కానీ దానితో లక్షల ఏళ్లు కలిసి నడిచిన ప్రాణిని చీడగానే చూసి తుడిచిపెట్టడం సరైన రక్షణ కాదు. పేను కూడా ప్రకృతి చరిత్రలో ఒక పుటే.

జువాలజీ చెప్పే సోదర ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. పిల్లల చేత స్లైడ్లు చేయించండి. ప్రతి స్లైడు మీదా ఏ పక్షి, ఏ ఊరు, ఏ తేదీ, శరీరంలో ఏ భాగం, ఎవరు సేకరించారు అన్నవి రాయించండి. అవి లేని స్లైడు ఎంత చక్కగా ఉన్నా దానికి మార్కులు వేయకండి.