చెరువు గట్టుకు తగిన లైటు

రొయ్యల చెరువుకు అసలు పరీక్ష తెల్లవారుజామున ఎదురవుతుంది. పగలంతా నీటిలోని పచ్చటి నాచు ఎండను తాగి ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక అదే నాచు ఆక్సిజన్ వదలడం ఆపి, పీల్చుకోవడం మాత్రమే చేస్తుంది. రాత్రి గడిచేకొద్దీ డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, తగ్గుతూ వచ్చి, తూర్పు తెల్లబడే ముందు అన్నిటికన్నా కిందికి దిగుతుంది. మూడు పీపీఎం లోపలికి జారిందంటే రొయ్య అడుగున నిలవలేక పైకి వచ్చేస్తుంది. "రొయ్య తేలింది" అన్న మాట ఆ వేళప్పుడు ఫోన్లో వినబడితే భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో ఏ రైతుకైనా కాళ్ళు చల్లబడతాయి. ఆ కబురు సమయానికి అందించగలిగేది గట్టు మీద తిరిగే మనిషి ఒక్కడే. అతని చేతిలో ఉండే లైటు గురించి ఈ వారం రాయాలనిపించింది.

మా చిన్నాన్న చెరువుల మీదికి టైగర్ రొయ్య వేసే కాలం నుంచీ వెళ్తున్నాను. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక చెరువు తీరే మారిపోయింది. రొయ్యపిల్లల సంఖ్య పెరిగింది, ఏరియేటర్లు పెరిగాయి, జనరేటర్ తప్పనిసరైంది. మేత కంపెనీల వాళ్ళు, ల్యాబుల వాళ్ళు వరసగా దిగారు. ఇన్ని మారినా లైటు దగ్గర మాత్రం చాలామంది పాత చోటే ఆగిపోయారు. సంతలో దొరికే ప్లాస్టిక్ చార్జింగ్ లైటు ఒకటి కొని కాపలా మనిషి చేతికిస్తారు. అది ఒక వానాకాలం గడిస్తే గొప్ప.

ఆ లైటుతో రాత్రిపూట జరిగే పని దగ్గర నిలబడి చూస్తే తప్ప ఏది కొనాలో తెలియదు. చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూడాలి. నాలుగు రొయ్యలను చేతిలోకి తీసుకుని, లైటుకు అడ్డంగా పట్టి, వీపు వెంట సాగే పేగు గీత నిండుగా ఉందా, మధ్యలో తెగిందా, తెల్లబారిందా అని పరీక్షించాలి. ఇక్కడే ఎల్ఈడీ రంగు పని చెబుతుంది. నీలం ఛాయ కొట్టే చల్లని తెలుపు కింద గోధుమ రంగు పేగు, పాలిపోయిన పేగు ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకని 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య వెలుతురు ఉండి, రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ 90 దాటిన లైటు దొరికితే లూమెన్లు కొంత తగ్గినా నేను దానికే ఓటు వేస్తాను. గట్టు మీద ఎండుపుల్ల ఏదో పాము ఏదో తేల్చుకోవడానికీ ఆ రంగు తేడాయే అక్కరకొస్తుంది.

నీటి మీదికి లైటు కొట్టినప్పుడు రొయ్యల కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తాయి. లైటు మన కంటికి దగ్గరగా, చెంప పక్కన పట్టుకుంటేనే ఆ మెరుపు బాగా కనిపిస్తుంది. రొయ్య కంటి మీద పడిన వెలుతురు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది కాబట్టి. అదే గట్టు మీద నడిచేటప్పుడైతే లైటును నడుము కిందికి దించాలి. వెలుతురు పక్కనుంచి పడితే గుంతకీ రాయికీ పాముకీ నీడ ఏర్పడి, నేల ఎత్తుపల్లాలు తెలుస్తాయి. చలికాలం మంచు కురిసే రాత్రుల్లో కంటి పక్కన పట్టుకుంటే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు, అప్పుడూ కిందికి దించడమే మార్గం. ఒకే లైటు, రెండు పట్లు. ఇవి నాకు చెరువు మీద ఉండే ఒక పెద్దాయన నేర్పినవి.

ఇక డబ్బా మీద అంకెలు. షాపులో అందరి కళ్ళూ లూమెన్ల మీదే ఉంటాయి. లూమెన్ అంటే లైటు నుంచి వెలువడే మొత్తం వెలుతురు, అంతే. అది ఎంత దూరం వెళ్తుందో ఆ అంకె చెప్పదు. చెప్పేది క్యాండెలా. అమెరికాలో 2009లో ఎఫ్ఎల్1 అనే ప్రమాణం వచ్చింది, పేరున్న కంపెనీలు దాని ప్రకారం కొలిచి అంకెలు వేస్తాయి. అందులో దూరం అంటే, వెలుతురు 0.25 లక్స్‌కు, అంటే సుమారు పున్నమి వెన్నెల స్థాయికి తగ్గే చోటు. 10,000 క్యాండెలా లైటు 200 మీటర్లు కొడుతుంది. ఆ దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలా నాలుగింతలు, 40,000 కావాలి. నాలుగెకరాల చెరువు నలుచదరంగా ఉంటే ఒక్కో గట్టు సుమారు 127 మీటర్లు. అవతలి గట్టు దగ్గర నీటి కదలిక పసిగట్టడానికి వెన్నెలంత వెలుతురు చాలదు. దూరం సగమైతే వెలుతురు నాలుగింతలవుతుంది కాబట్టి, డబ్బా మీద 250, 300 మీటర్లు రాసిన లైటు ఆ చెరువుకు సరిపోతుందని నా లెక్క.

అదే ప్రమాణంలో తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. లూమెన్లు కొలిచేది స్విచ్ వేసిన అర నిమిషం నుంచి రెండు నిమిషాల లోపు. చాలా లైట్లు ఆ తర్వాతే వేడికి తట్టుకోలేక వెలుతురు తగ్గించేసుకుంటాయి. ఎన్ని గంటలు వెలుగుతుంది అన్న లెక్క కూడా, వెలుతురు మొదట ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా సాగుతుంది. అంటే వెయ్యి లూమెన్ల లైటు వంద లూమెన్లతో మినుకుమినుకుమంటున్నా కాగితం మీద "వెలుగుతున్నట్టే". అందుకే పెద్ద అంకె చూసి మురిసిపోకుండా, మధ్య మోడ్‌లో ఎన్ని లూమెన్లు ఎన్ని గంటలు నిలకడగా ఇస్తుందో అడగాలి. చెరువు మీద రాత్రంతా నడిచేది ఆ మధ్య మోడ్ మీదే.

నీటి సంగతికొద్దాం. ఐపీ67 అంటే దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా ఫరవాలేదు అని. చివర 8 ఉంటే అంతకన్నా లోతు, ఎంత లోతో కంపెనీయే రాయాలి. మొదటి అంకె బదులు ఎక్స్ ఉంటే దుమ్ము సంగతి చెప్పలేదన్నమాట. ముంపు పరీక్ష నెగ్గినంత మాత్రాన ధారగా వచ్చి కొట్టే నీటికి తట్టుకుంటుందని కాదు. అది వేరే పరీక్ష, దాని అంకెలు 5, 6. తిరిగే ఏరియేటర్ పక్కన నిలబడే మనిషికి రెండూ కావాలి. ఐపీ66, ఐపీ68 రెండూ రాసి ఉన్న లైటయితే నిశ్చింత. ఒకటి మాత్రం మనసులో ఉంచుకోవాలి. ఈ పరీక్షలన్నీ కొత్త లైటుకు, మామూలు నీళ్ళలో చేసినవి. మనది ఉప్పునీరు. పైగా అరగంట వెలిగి వేడెక్కిన లైటు ఒక్కసారిగా చల్లటి చెరువులో పడితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఏ చిన్న సందున్నా నీటిని లోపలికి లాగుతుంది. పరీక్ష గదిలో నెగ్గిన లైటు గట్టు మీద ఓడిపోయేది ఇలాంటప్పుడే.

సందు అనగానే చార్జింగ్ రంధ్రం గుర్తుకు రావాలి. యూఎస్‌బీ పిన్ను గుచ్చే చోటు, దాని మీద ఒక చిన్న రబ్బరు మూత. కొత్తలో బిగుతుగానే ఉంటుంది. రోజూ తీసి పెడుతుంటే, ఎండకు రబ్బరు బిరుసెక్కితే, బురద చేత్తో సరిగ్గా నొక్కకపోతే ఆ మూత ఉన్నా లేనట్టే. నేను చార్జింగ్ క్రేడిల్, అంటే స్టాండు, ఉన్న లైటునే ఎంచుకోమని చెప్పడానికి మొదటి కారణం ఇది. స్టాండులో పెట్టే లైటుకు ఒంటి మీద రెండు లోహపు బిళ్ళలుంటాయి, అవి స్టాండులోని స్ప్రింగు పిన్నులకు తగులుతాయి. తెరవాల్సిన మూత లేదు, నీరు దూరే రంధ్రం లేదు. కాకపోతే కొనేముందు ఒక్క ప్రశ్న వేయాలి: ఆ బిళ్ళలకు తాళంచెవి గుత్తో ఇనుప ముక్కో తగిలితే షార్టు కాకుండా లోపల రక్షణ ఉందా? తీరు తెలిసిన కంపెనీలు పెడతాయి, పెట్టామని చెబుతాయి కూడా.

రెండో కారణం నాకు మొదటిదానికన్నా ముఖ్యం. ఏ లైటు కావాలని అడిగినప్పుడు పెద్దాయన అన్న మాట ఇది: "ఎంత దూరం కొడుద్దన్నది తర్వాతండి. చెయ్యి పెట్టగానే దొరకాలి, నొక్కగానే వెలగాలి." కరెంటు పోయిన క్షణాన ఏరియేటర్లన్నీ ఆగిపోతాయి. జనరేటర్ షెడ్డుకు పరుగెత్తాలి. తడి చేత్తో స్టార్టర్ ముట్టుకునే ముందు తెగిన వైరు ఎక్కడైనా ఉందేమో చూసుకోవాలి. రొయ్య చిక్కగా ఉన్న చెరువులో ప్రతి నిమిషమూ లెక్కే. అప్పుడు లైటు మంచం కిందుందా, బండి డిక్కీలో ఉందా, నిన్న చార్జింగ్ పెట్టామా లేదా అని తడుముకునే తీరిక ఎవరికుంది? గోడకు బిగించిన స్టాండు ఉంటే పని నుంచి రాగానే లైటు దానికి తగిలిస్తారు. గొళ్ళానికి చొక్కా తగిలించినంత మామూలుగా ఆ అలవాటు చేతికి వచ్చేస్తుంది. వైరు వెతికి గుచ్చే లైటుకు ఈ అలవాటు పట్టుబడటం కష్టం. కొన్ని స్టాండుల్లో కరెంటు పోగానే లైటు దానంతటదే వెలుగుతుంది. చెరువు గదికి అంతకన్నా పనికొచ్చే సదుపాయం నాకు తోచదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. సింగరేణి భూగర్భ గనుల్లో ల్యాంప్ రూం అని ఒకటుంటుంది. కొత్తగూడెం దగ్గర ఒక గనిలో చూశాను. వరసగా ర్యాకులు, ప్రతి టోపీ దీపానికీ ఒక నంబరు, ఒక చోటు. కార్మికుడు షిఫ్టుకు దిగేముందు తన దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక అదే చోట చార్జింగ్‌కు పెడతాడు. ఏ చోటైనా ఖాళీగా ఉందంటే ఆ నంబరు మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. నాలుగు చెరువుల మీద ముగ్గురు పనివాళ్ళున్న చోట మూడు స్టాండులు పక్కపక్కన బిగిస్తే ఈ సదుపాయం మనకూ దక్కుతుంది. రెండింటికి గట్టు మీదికెళ్ళిన మనిషి మూడున్నరకీ రాలేదంటే, ఖాళీ స్టాండు చూసినవాళ్ళు కేకేసి వెతుకుతారు.

బ్యాటరీ గురించి క్లుప్తంగా. నెల్లూరులో తయారైన నిప్పో సెల్లులు వేసుకుని తిరిగిన తరం మాది, వాటి మీద గౌరవం అలాగే ఉంది. అయితే రోజూ గంటల తరబడి వాడే చోట సెల్లులు గిట్టుబాటు కావు. చవక చార్జింగ్ లైట్లలో తరచూ ఉండేది నాలుగు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఖాళీ అయ్యాక నాలుగు రోజులు పట్టించుకోకపోతే దాని ప్లేట్లు సల్ఫేటు పట్టి చచ్చుబడతాయి. లిథియం అయాన్ తీసుకోండి, అందులోనూ 18650గానీ 21700గానీ సైజు సెల్లును విడిగా తీసి మార్చుకునే రకం. రెండు మూడేళ్ళకు సెల్లు అలసిపోతే లైటంతా పారేయనక్కరలేదు. లిథియానికి వేడి పడదు, కాబట్టి స్టాండును ఎండకు కాలే రేకు గోడకు కాకుండా ఇటుక గోడకు, నీడపట్టున బిగించండి. నిండగానే చార్జింగ్ ఆపేసే స్టాండు కావాలి. దానికి 5 వోల్టులో 12 వోల్టులో సరిపోతే మరీ మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు పవర్ బ్యాంకు నుంచో ట్రాక్టరు బ్యాటరీ నుంచో స్టాండును నడిపించుకోవచ్చు.

ఉప్పు గాలికి స్టాండు పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. వారానికోసారి ప్లగ్గు తీసేసి, పిల్లలు వాడే రబ్బరుతో రుద్దితే పోతుంది. లైటు చెరువులో పడి తీసినప్పుడు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాకే స్టాండులో పెట్టాలి. వెనక మూత విప్పితే మర చుట్ల దగ్గర నల్లటి సన్నని రబ్బరు ఉంగరం కనిపిస్తుంది, అదే ఓ-రింగ్. దాని మీద ఒక్క ఇసుక రేణువు కూర్చున్నా నీరు దారి చేసుకుంటుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, కొంచెం సిలికాన్ గ్రీజు రాయాలి. కొబ్బరినూనె రాయవద్దు, జిగురు కట్టి ఇసుకను పట్టుకుంటుంది. కొత్త లైటును పరీక్షించాలంటే సెల్లు తీసేసి, లోపల టిష్యూ కాగితం పెట్టి, మూత బిగించి బకెట్లో అరగంట ముంచండి. కాగితం పొడిగా వస్తే చాలు. చెరువులో పడితే మునిగిపోయే బరువైన అల్యూమినియం లైటుకు మణికట్టు తాడు తప్పకుండా కట్టాలి.

ఇలాంటి లైటు, స్టాండు కలిపి రెండు మేత బస్తాల ఖరీదుకు అటూ ఇటూగా వస్తుంది. పంటకు వందల బస్తాల మేత వేసే రైతుకు అది భారం కాదు. అయినా చాలా చెరువుల మీద రాత్రి మనిషి తన జీతంలోంచే లైటు కొనుక్కుంటున్నాడు. ఇది నాకు మింగుడుపడదు. కట్లపాము తిరిగేది రాత్రిపూట, తడి నేల మీద స్టార్టర్ ముట్టుకునేది అతను, మన పంటను కనిపెట్టుకుని ఉండేదీ అతనే. లైటు యజమానే కొనివ్వాలి. కొనేటప్పుడు అతన్ని కూడా షాపుకు తీసుకెళ్ళండి. చెయ్యి తడి చేసుకుని, చీకటి మూలకు తిరిగి, స్విచ్ ఎక్కడుందో చూడకుండా అతన్నే నొక్కి చూడమనండి. స్టాండు ఏ ఎత్తున బిగించాలో కూడా అతన్నే అడగండి.